వదిన రిపోర్టు చేతికొచ్చాక

కావలి

సుజా,

పక్కింటామెకీ రొమ్ములో రెండు సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డే, ఆమెకు మాత్రలతో సరిపెట్టారు, మా అమ్మకెందుకు కీమో అని కదా ఫోన్లో నీ గోల. పదమూడేళ్ల కింద నేనూ ఇదే మాటతో మా డాక్టరును కాల్చుకు తిన్నా.

మన బుచ్చి పొలాలకి కనిగిరి రిజర్వాయరు నీళ్లు వదిలేది చూశావు కదా. కాలువ ఒకటే. ఏ తూము ఎంత ఎత్తారన్న దాన్నిబట్టి ఒక చేను మునుగుద్ది, ఇంకోటి ఎండుద్ది. కణంలో జన్యువులూ అట్టాగే. ఏది ఎంత గట్టిగా పనిచేస్తోందన్నది గడ్డ గడ్డకీ మారుద్ది. 2000లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 42 మంది నుంచి రొమ్ము గడ్డల ముక్కలు తీసి వేల జన్యువులు కొలిచారు. మందు వాడకముందు తీసిన ముక్క, వాడాక తీసిన ముక్క చాలామందిలో ఒకదాన్నొకటి పోలాయి గానీ, ఇంకో మనిషి గడ్డను పోలలేదు. పక్కింటామెతో పోలిక అక్కడే తేలిపోయింది.

రిపోర్టు రాగానే మూడు లైన్లు చూడు: ఈఆర్, పీఆర్, హెర్2. మొదటి రెండూ గడ్డ కణాలు ఆడ హార్మోన్లను పట్టుకునే కొక్కేలు, హెర్2 కణాన్ని పెరగమని తోసే ప్రోటీను, దాని జన్యువు పేరూ అదే. ఈఆర్ ఒక శాతం కణాల్లో ఉన్నా ఉన్నట్టే లెక్క, హార్మోను మాత్రలకు దారి ఉండాది. హెర్2 సంగతి వేరు. అది తూము ఎత్తడం కాదు, గట్టుకి దొంగతూములు కొట్టినట్టు. ఆ జన్యువు నకళ్లే పెరిగిపోతాయి. ఆ లైన్లో 3+ అని ఉంటే, అంటే హెర్2 బాగా ఎక్కువ ఉందని, దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షను పనికొస్తుంది, మామూలుగా ఏడాది పాటు. గుండెకు ఎకో తీయకుండా మొదలుపెట్టనీయొద్దు, మధ్యలోనూ తీయించాలి.

2+ అని ఉంటే మాత్రం ఊరుకోవాకు. ఎటూ తేలలేదని దానర్థం, హెర్2 జన్యువు నకళ్లు లెక్కపెట్టే ఫిష్ పరీక్ష చేయించాలి. నాకు 2+ వస్తే ల్యాబువాళ్లు ఆ మాట చెప్పనే లేదు, ఇరవై రోజులు ఉత్తపుణ్యానికి పోయాయి. తర్వాత ఫిష్ అంటే మీ మామయ్య "నెల్లూరోళ్లకి చేపల పరీక్షేందే" అన్నాడు. ఆ రోజు నాకు నవ్వు రాలా.

ఎవరో చెప్పిన 21 జన్యువుల పరీక్ష గురించి అడిగావు. అది ఈఆర్ ఉండి హెర్2 లేనివాళ్లకి, కీమో అక్కర ఉందా లేదా తేల్చడానికి. వదినకు హెర్2 3+ అయితే దాని జోలికి పోవాకు, డబ్బు దండగ.

చెన్నై పోయేటప్పుడు రిపోర్టొక్కటే చాలదు, బ్లాకు కూడా అడిగి తీసుకో. అగ్గిపెట్టె కన్నా చిన్నది, ప్లాస్టిక్ చట్రంలో మైనం, మధ్యలో మాంసపు ముక్క. దాని మీద నంబరు, రిపోర్టు మీద నంబరు ఒకటేనా అని కౌంటరు దగ్గరే చూసుకో. దూదిలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని పినాకిని రైలు ఎక్కు. ఈ రోహిణి కార్తె ఎండలో కారులో వదిలేసి టిఫినుకు పోతే మైనం ఏమవుద్దో నీకే తెలుసు.

రిపోర్టు రాగానే ఫొటో పంపు. వేలు అడ్డం పెట్టకుండా తియ్యి, పోయినసారి పంపిన ఫొటోలో సగం లైన్లు కనపడలా.

మీ అత్తయ్య