రాకర్ ఆర్మ్‌ల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

కొత్త కామ్‌షాఫ్ట్‌కి (ఇంజిన్ వాల్వులను తెరిపించే గుబ్బలున్న ఇరుసుకి) తగ్గ రాకర్ ఆర్మ్‌ల మీద, అంటే ఆ గుబ్బల కదలికను పెంచి వాల్వ్‌ని నొక్కే మీటల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశావు. కానీ "1.6 రాకర్లు వేస్తే పవర్ పెరుగుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. 1.6 అంటే లోబ్ (కామ్‌షాఫ్ట్ మీది గుబ్బ) లేపినదానికి 1.6 రెట్లు వాల్వ్‌ని కదిలించే నిష్పత్తి అని కూడా చెప్పలేదు. ఆ మాట నమ్మి ఎవరో ఇంజిన్ విప్పుతారు. అందుకే అంకె రాసిన ప్రతిచోటా అది లోబ్ దగ్గర కొలిచిందో, వాల్వ్ దగ్గర కొలిచిందో కూడా రాయి.

నువ్వు తీసుకున్న స్మాల్ బ్లాక్ షెవర్లే V8 ఇంజిన్‌తోనే చెబుతాను. లోబ్ లిఫ్ట్ (గుబ్బ లేపే ఎత్తు) 0.320 అంగుళం అనుకో. 1.5 రాకర్‌తో వాల్వ్ 0.480 లేస్తుంది, 1.6తో 0.512. కామ్‌తో వచ్చే కొలతల కార్డు మీది వాల్వ్ లిఫ్ట్‌లో 1.5 అప్పటికే కలిసి ఉంటుంది. దాన్నే మళ్లీ 1.6తో గుణించకుండా, ముందు 1.5తో భాగించమని చెప్పు. లోబ్ మీద ఆని నడిచే లిఫ్టర్ 0.050 అంగుళం లేచిన దగ్గర చెప్పే డ్యూరేషన్ (ఎన్ని డిగ్రీల పాటు లేచి ఉంటుందన్నది) లోబ్ వైపు కొలత కాబట్టి రాకర్ మారినా అది మారదు.

వాల్వ్‌ని మూసే స్ప్రింగ్‌ని రెండు వాక్యాల్లో దాటేశావు. వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇవ్వాలి. బిగించిన ఎత్తు 1.700, చుట్లు ఒకదానికొకటి ఆనే ఎత్తు 1.150 అయితే స్ప్రింగ్‌కి ఉన్న చోటు 0.550. పాత రాకర్‌తో 0.070 మిగిలేది. కొత్తదానితో మిగిలేది 0.038. కనీసం 0.060 ఉంచడం మామూలు పద్ధతి. చుట్లు ఆనిపోతే లిఫ్టర్ కదలికను రాకర్‌కి అందించే పుష్‌రాడ్ వంగుతుంది, రాకర్‌ని పట్టి ఉంచే స్టడ్ హెడ్‌లోకి ఒత్తి బిగించినదైతే పైకి లేచి వచ్చేస్తుంది. స్ప్రింగ్ పైన కూర్చునే రిటైనర్‌కీ, దాని కింద వాల్వ్ కాడ చుట్టూ ఉండే సీల్‌కీ ఉన్న ఎడం కూడా అంతే జాగ్రత్తగా చూడమను.

పిస్టన్‌కి వాల్వ్ తగులుతుందేమోనని పూర్తి లిఫ్ట్ దగ్గర కొలవమన్నావు. అది తప్పు, సరిదిద్దు. అప్పటికి పిస్టన్ చాలా కిందికి దిగిపోయి ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వ్‌ని టాప్ డెడ్ సెంటర్‌కి (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటుకి) సుమారు 10 డిగ్రీల ముందు, ఇన్‌టేక్‌ని 10 డిగ్రీల తర్వాత చూడాలి. ఇన్‌టేక్‌కి 0.080, ఎగ్జాస్ట్‌కి 0.100 అంగుళం కావాలి. ఎగ్జాస్ట్‌కి ఎక్కువ ఎందుకో కూడా రాయి: ఆ వాల్వ్ మూసుకుంటుంటే పిస్టన్ వెనకే తరుముకొస్తుంది. కొలిచేటప్పుడు మెత్తని చెకింగ్ స్ప్రింగ్, సాలిడ్ లిఫ్టర్ వాడాలి. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్ నొక్కుకుపోతే కొలత అబద్ధం చెబుతుంది.

1.6 రాకర్‌లో పుష్‌రాడ్ ఆనే గుంట స్టడ్‌కి దగ్గరగా జరుగుతుంది. హెడ్ రంధ్రం అంచుకి పుష్‌రాడ్ రాసుకుంటుందేమో ఇంజిన్‌ని చేత్తో తిప్పి చూడాలి. పుష్‌రాడ్లను వరసలో ఉంచే గైడ్ ప్లేట్లు ఉంటే గట్టిపరిచిన పుష్‌రాడ్లు తప్పనిసరి. వాల్వ్ కొన మీద తమంతట తామే వరసలో నిలిచే సెల్ఫ్ అలైనింగ్ రాకర్లకి గైడ్ ప్లేట్లు కలపకూడదు.

ఫ్లాట్ టాపెట్ కామ్ (రోలర్ లేని లిఫ్టర్లు నేరుగా లోబ్ మీద రాసుకునేది) అయితే మరో పేరా కావాలి. నిష్పత్తి పెరిగితే స్ప్రింగ్ బలం లోబ్ మీద ఇంకా ఎక్కువగా పడుతుంది. అందుకే బ్రేక్ ఇన్ (కొత్త కామ్‌ని మొదట నడిపి కుదురుకోనివ్వడం) 1.5 రాకర్లతో పూర్తిచేసి, ఆ తర్వాత 1.6 వేయడం మంచిది.

చివర్లో ప్రీలోడ్ (హైడ్రాలిక్ లిఫ్టర్ లోపలి ప్లంజర్‌ని కొంచెం నొక్కి ఉంచడం) గురించి: పుష్‌రాడ్‌ని వేళ్లతో తిప్పుతూ బిగించమన్నావు. తిప్పేటప్పుడు ప్లంజర్ దిగిపోతున్నా చేతికి తెలియదు. పైకీ కిందికీ కదిపి, ఆ కదలిక ఆగిన చోటునుంచి లిఫ్టర్ తయారీదారు చెప్పినంత మేర నట్ తిప్పమని రాయి.

అన్నయ్య