కుక్క ఈనేటప్పుడు పక్కన ఉండండి, మీద పడకండి

"మా లాబ్రడార్‌కి తొలి చూలు. అరవై రోజులు దాటాయి. ఇంట్లోనే ఈనితే మేం ఏం చేయాలి?" అని అడిగారు. మా చిట్టి ఈనిన రాత్రి సంగతి చెప్తాను, మీకు కావలసింది అందులోనే ఉంది.

2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు. విశాఖ మురళీనగర్‌లో మా వీధి నిండా చెట్లు పడిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. పొద్దున్న చిట్టికి థర్మామీటర్ పెడితే 98.6 వచ్చింది. కుక్కకి మామూలుగా 101 పైనే ఉంటుంది. 99 కన్నా కిందికి దిగిందంటే సాధారణంగా ఒక రోజులోపు ఈనుతుంది. ఆ సంగతి తెలిసి కూడా, అది అన్నం ముట్టక మంచం కింద పాత చీరలు గీరుతుంటే గాలి చప్పుడుకి భయపడుతోంది అనుకున్నాను.

రాత్రి తొమ్మిదికి నొప్పులు మొదలయ్యాయి. నేను, తమ్ముడు, పక్కింటి పిల్లలు టార్చిలైట్లు పట్టుకుని చుట్టూ కూర్చున్నాం. అది పడుకోవడం, మమ్మల్ని చూడడం, లేచి తలుపు వెనక్కి పోవడం. అప్పుడు కింద వాటాలో ఉండే మామ్మ వచ్చారు. ఊళ్లో గేదెల్ని పెంచిన మనిషి. "ఓలమ్మా, అందరూ ఇలా మీద పడిపోతే అదెలా ఈంతాది? ఒగ్గీండి!" అని కసిరారు. కొవ్వొత్తి ఒకటే ఉంచి అందరం బయటికి వచ్చేశాం. ఇరవై నిమిషాల్లో మొదటి పిల్ల పడింది. జనం మూగితే నొప్పులు ఆగిపోతాయని నేను కళ్లారా చూశాను. దయచేసి వీడియోలు తీయకండి.

మూడో పిల్ల దగ్గర మాత్రం చెయ్యి పెట్టాల్సి వచ్చింది. ఉమ్మనీటి సంచీతో అలాగే జారిపడింది. చిట్టి రెండోదాన్ని నాకుతూ దీన్ని చూడలేదు. సంచీ చింపకపోతే పిల్లకి ఊపిరాడదు, నిమిషం కూడా ఆగకూడదు. వేళ్లతో చింపి, ముక్కూ నోరూ తుడిచి, తల కొంచెం కిందికి వంచి తువ్వాలుతో వీపు మీద రుద్దాను. చలనం లేదు. "రుద్దమ్మా, ఆపకు" అంటున్నారు మామ్మ. ఎంతసేపు రుద్దానో తెలియదు. చివరికి తుమ్మినట్టు ఒక చిన్న చప్పుడు, తర్వాత కీచుమని ఏడుపు. నాకూ ఏడుపొచ్చింది. బొడ్డుతాడుని పొట్టకి ఒక అంగుళం దూరంలో కుట్టుదారంతో కట్టి, మరగబెట్టిన కత్తెరతో కోశాను. కొందరు పిల్లని పట్టుకుని ఊపుతారు, అలా చేస్తే మెదడుకి దెబ్బ తగులుతుంది.

నాలుగోదాని తర్వాత గంటా యాభై నిమిషాలు ఏమీ లేదు. గడియారం చూస్తూ కూర్చున్నాను. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోయినా, లోపల పిల్ల ఉండి రెండు గంటలు గడిచినా, మొదటి పిల్లకి ముందే ఆకుపచ్చ నీరు కారినా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. ఆ రాత్రి మాకు ఆ దారి లేదు. అదృష్టం, ఐదోది దానంతట అదే వచ్చింది.

ఇంకో మాట. త్వరగా ఈనాలని ఇంజెక్షన్ అడిగేవాళ్లున్నారు, చూడకుండా పొడిచేసేవాళ్లూ ఉన్నారు. పిల్ల అడ్డం తిరిగి ఉంటే ఆ మందుకి గర్భసంచి పగిలిపోవచ్చు. పరీక్ష చేయకుండా ఎవర్నీ సూది వేయనివ్వకండి.

తెల్లారేసరికి చలిగా ఉంది. గ్యాస్ మీద నీళ్లు కాచి, సీసాల్లో పోసి, తువ్వాలు చుట్టి పిల్లల పక్కన పెట్టాం. చల్లబడిన పిల్లకి పాలు పట్టకూడదు, ముందు వెచ్చబరచాలి. పాల ప్యాకెట్ కోసం ఊరంతా తిరుగుతున్న ఆ రోజుల్లో పక్కింటాయన తనకి దొరికిన ప్యాకెట్ చిట్టికి తెచ్చిచ్చారు. ఆ మంచితనం మరిచిపోను. కానీ పాలు తాగి దానికి విరేచనాలయ్యాయి. గుడ్డు కలిపిన అన్నం పెట్టండి.

ప్రతిసారీ ఈనించి పిల్లల్ని అమ్ముకునేవాళ్లని చూస్తే నాకు కడుపు మండిపోతుంది. చిట్టికి పిల్లలు పాలు మానగానే ఆపరేషన్ చేయించేశాం. మూడోది మా ఇంట్లోనే పెరిగింది.

రాత్రిపూట ఫోన్ ఎత్తే డాక్టర్ నంబరు ఇవాళే సంపాదించుకోండి. పొద్దునా సాయంత్రం థర్మామీటర్ పెట్టి, ఎంత వచ్చిందో నాకు రాయండి.