బీరువాలో తాళం వేసిన బొమ్మల కథ

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. రాత్రిళ్లు నోటు పుస్తకాల్లో బొమ్మల కథలు గీస్తుంటాడు. వాళ్ల తాతగారు పోయిన రోజును పన్నెండు పేజీల్లో గీశాడు. చదువు పాడవుతుందని ఆ పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎంపీసీలో చేర్చమంటారా, లేక వాడి ఇష్టప్రకారం యానిమేషన్ కోర్సులోనా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది రెండు కోర్సుల గురించే అయినా, బొమ్మలు మీ అబ్బాయికి కూడు పెడతాయా అన్నదే మీ అసలు దిగులని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ దిగులును నేను తప్పుపట్టను. తాళం వేయడాన్ని మాత్రం తప్పుపడతాను. తాతగారు పోయిన బాధను నోటితో చెప్పుకోలేని పిల్లవాడు దానిని పన్నెండు పేజీల్లో చెప్పుకుంటే, మీకు అందులో పాడవుతున్న చదువే కనిపించిందా? నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడిన తన తండ్రి అనుభవాలను అమెరికాలో ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’ అనే బొమ్మల కథగా గీస్తే, 1992లో దానికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. ఇంటి దుఃఖాన్ని మోయగల శక్తి ఆ ప్రక్రియకు ఉంది. దయచేసి ఆ పుస్తకాలను ఈ రోజే తిరిగి ఇచ్చేయండి.

ఏ క్షణాన్ని గడిలో చూపాలో, దేనిని రెండు గడుల నడుమ ఖాళీలో పాఠకుడి ఊహకు వదలాలో, బుడగలో పట్టే నాలుగు మాటల్లో మనిషి స్వభావాన్ని ఎలా పలికించాలో ఆ అబ్బాయి ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటున్నాడు. ఇది చదువుకు శత్రువు కాదు. బాపు గారు న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవారు. 1967లో అమర చిత్ర కథ అనే బొమ్మల కథల పుస్తకాల వరుసను ప్రారంభించిన అనంత్ పాయ్ రసాయన సాంకేతిక శాస్త్రం చదివినవారు.

ఇక యానిమేషన్ విషయంలో నాకు గట్టి సందేహాలే ఉన్నాయి. బొమ్మలు గీసే ప్రతి పిల్లవాడినీ అక్కడికి పంపడం ఇప్పుడు ఆనవాయితీ అయిపోయింది. బొమ్మల కథలో కథ, మాట, గీత మూడూ ఒకే చేతివి. స్టూడియోలో కొత్తగా చేరినవారికి ఎక్కువగా దక్కేది ఇంకొకరు ఊహించిన దృశ్యంలో నటులను వేలాడదీసిన తీగలు కనిపించకుండా చెరిపే పని, బొమ్మను వెనుక దృశ్యం నుంచి వేరుచేయడానికి అంచులు కత్తిరించే పని. అది గౌరవప్రదమైన పనే గానీ, మీ అబ్బాయి రాత్రిళ్లు మేలుకొని చేస్తున్నది అది కాదు. పైగా ఈ స్టూడియోలు చేసే విజువల్ ఎఫెక్ట్స్ పనిలో, అంటే సినిమా దృశ్యాలను కంప్యూటర్‌లో మార్చే పనిలో, చాలా భాగం విదేశీ చిత్రాల మీద ఆధారపడినది; 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మె చేసినప్పుడు ఆ దెబ్బ మన స్టూడియోలకూ తగిలింది. లక్షల్లో రుసుము అడిగే సంస్థ ఏదైనా సరే, గత రెండు బ్యాచ్‌ల విద్యార్థులు ఎక్కడ, ఏ పనిలో ఉన్నారో చూపించమని అడగకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా డిజైన్ డిగ్రీ కోర్సుల కోసం ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ), యూసీడ్ (ఐఐటీల వంటి సంస్థలకు) ప్రవేశ పరీక్షలు రాయవచ్చు కాబట్టి ఎంపీసీలో చేరినంత మాత్రాన దారి మూసుకుపోదు. లెక్కలు ఇష్టమైతే అదే చదవనివ్వండి. అయితే రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెట్టే రెసిడెన్షియల్ కళాశాలలో వేయకండి. ఇంటి నుంచి వెళ్లి వచ్చే కళాశాలలో చేర్చి, గీసుకోవడానికి రోజుకు ఒక గంటైనా మిగిలేలా చూడండి.