వినబడని చోట ఖాళీ వదిలెయ్

తెనాలి,
ఆదివారం రాత్రి

చి.ల.సౌ. స్రవంతికి పిన్ని ఆశీస్సులు.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మొదటిసారి నీ ఏడుపు తప్ప ఏమీ అర్థం కాలేదు. మూడోసారికి సంగతి తెలిసింది. తొమ్మిదేళ్ళుగా ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పి చెప్పి విసిగిపోయావు. మందుల వల్ల వచ్చే దుష్ప్రభావాలు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ పనిలోకి వెళ్ళాలని ఉంది. కానీ 34 ఏళ్ళకి మళ్ళీ ఫ్రెషర్‌గా కూర్చోవాలంటే తల కొట్టేసినట్టుంది. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ మధ్యలో ఫోన్ లాక్కుని తన మాట మొదలెడుతుంది. అందుకే ఉత్తరం.

ముందు ఆ తల కొట్టేసిన సంగతే చెప్తాను. 2012లో నాకు 41 ఏళ్ళు. డాక్టర్లు రాసిన జబ్బులకీ వైద్యానికీ కోడ్ నంబర్లు వేసే మెడికల్ కోడింగ్ పరీక్ష రాశాను. 150 ప్రశ్నలు, 5 గంటల 40 నిమిషాలు. కోడ్ పుస్తకాలు పక్కన పెట్టుకునే రాయొచ్చు, అయినా టైం చాలదు. పాసయ్యాను. పేరు పక్కన సీపీసీ, అంటే సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్, అని వస్తుందని మీ బాబాయికి ముందే చెప్పుకున్నాను. తీరా చూస్తే సీపీసీ-ఏ అని వచ్చింది. ఆ 'ఏ' అంటే అప్రెంటిస్. అనుభవం చూపిస్తేగానీ ఆ అక్షరం తీసెయ్యరు. అప్పటికే పదేళ్ళు హాస్పిటల్ రిపోర్టులు టైపు చేసినదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, నా పేరుకి అప్రెంటిస్ అని తోక. మా టీం లీడ్‌కి 26. నన్ను ఆంటీ అనాలో మేడమ్ అనాలో తెలియక వారం రోజులు అసలు పిలవనేలేదు పాపం. నేనే వెళ్ళి "పేరు పెట్టి పిలువు నాయనా, తప్పులుంటే అందరికీ చెప్పినట్టే నాకూ చెప్పు" అన్నాను. ఆ రోజు నుంచి నా తప్పులన్నీ నిర్మొహమాటంగా చెప్పాడు. ఆ పని నాకు అబ్బిందంటే అందుకే. సిగ్గు పోవడానికి నాకు ఏళ్ళు పట్టలేదు, పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులు మాత్రం బాత్రూంలో ఏడ్చాను, దాచడమెందుకు.

నా పాత కథ నీకు సగమే తెలుసు. ఇంటర్ అవగానే తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. రెండూ పాసయ్యాను. పెళ్ళయ్యాక మీ బాబాయి పెట్టిన ఎస్‌టీడీ బూత్‌లో కూర్చుని జాబ్ టైపింగ్ కూడా చేసేదాన్ని. సెల్‌ఫోన్లు వచ్చాయి, బూత్ పోయింది. దాని గురించి అంతకంటే చెప్పడానికేమీ లేదు. 2001లో హైదరాబాద్ వెళ్ళి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో చేరాను.

అసలు చదువు నాకు అక్కడే అబ్బింది. అమెరికాలో డాక్టరు పేషెంటుని చూసి టేపులో చెప్పేస్తాడు. మనకి రాత్రి అయ్యేసరికి ఆ గొంతు వస్తుంది. చెవులకి హెడ్‌ఫోన్, కాలికింద పెడల్, కాలితో నొక్కితే మాట వెనక్కి వెళ్తుంది. కొందరు అన్నం తింటూ చెప్పేవాళ్ళు, కొందరు కారు నడుపుతూ. డిస్ఫేజియా అంటే మింగడం కష్టం. డిస్ఫేసియా అంటే మాట్లాడడం కష్టం. హైపర్‌టెన్షన్, హైపోటెన్షన్ నీకు చెప్పక్కర్లేదు. ఒక్క అక్షరం పొరపాటు రాస్తే అవతలి మనిషికి ఇంకో జబ్బు అంటగట్టినట్టే.

మాకు మొదటి రోజు నేర్పిన నియమం ఒకటుంది. మాట వినబడకపోతే ఖాళీ వదలాలి. ఎన్నో నిమిషంలో వినబడలేదో పక్కన రాయాలి. ఊహించి మాత్రం నింపకూడదు. కొత్తలో నాకిది నామోషీగా ఉండేది. ఖాళీలు ఎక్కువుంటే పని రానిదనుకుంటారని నాకు తోచిన మాట పెట్టేసేదాన్ని. ఎడిటర్‌గా ఉన్న పెద్దావిడ ఒకరోజు నా ఫైలు తెరిచి, "ఖాళీ వదిలితే నేను నింపుతాను. నువ్వు నింపేస్తే తప్పు ఉందని కూడా నాకు తెలియదు" అంది. కొత్త పనిలోకి వెళ్ళేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఇంతకు మించిన మాట లేదు స్రవంతీ. తెలియనిచోట తెలియదని ఖాళీ వదిలినవాళ్ళకి ఎవరో ఒకరు నేర్పుతారు. తెలిసినట్టు నింపేసినవాళ్ళని ఎవరూ సరిదిద్దలేరు.

కోడింగ్‌కి మారాక చూస్తే అక్కడా ఇదే. డాక్టరు రాయనిదానికి కోడ్ వెయ్యకూడదు, అనుమానముంటే అడగాలి. 2015 అక్టోబర్ 1 నుంచి అమెరికాలో జబ్బుల కోడ్‌ల పాత పట్టిక ఐసీడీ-9 పోయి కొత్తది ఐసీడీ-10 వచ్చింది. అంతకుముందు రెండుసార్లు వాయిదా పడింది, మేం ప్రతిసారీ చదివాం. సుమారు 14 వేలున్న జబ్బుల కోడ్‌లు దాదాపు 70 వేలయ్యాయి. కుడి చెయ్యో ఎడమ చెయ్యో కూడా చెప్పాలి. బాతు కొడితే వేసే కోడ్ కూడా ఉంది, నిజం! పదేళ్ళ సీనియర్లూ నేనూ ఆ రోజు ఒకే బెంచీ మీద పిల్లలమయ్యాం. నా పక్కన సీనియర్ ఒకాయన తెలియదనడానికి మొహమాటపడి వెనకబడిపోయాడు. నాకు అప్రెంటిస్ తోక అలవాటే కదా, అడిగేశాను.

ఇప్పుడు నీ సంగతి. మా పాత ఆఫీసు అమ్మాయి ఒకతె ఫార్మకోవిజిలెన్స్‌లో ఉంది, తనని అడిగాను. ఒక కేసు కేసుగా నిలబడాలంటే నాలుగు ఉండాలట: ఎవరికి జరిగింది, ఎవరు చెప్పారు, ఏ మందు మీద అనుమానం, ఏం జరిగింది. వీటిలో ఒకటి లేకపోయినా మనం కల్పించకూడదు, అవతలివాళ్ళని మళ్ళీ అడిగి తెప్పించుకోవాలి. ఆ తర్వాత జరిగింది జరిగినట్టు వరసగా రాయాలి. మందు ఏ తేదీన మొదలైంది, ఎన్నాళ్ళకి దద్దుర్లు వచ్చాయి, ఆపితే తగ్గాయా. మన దేశంలో కూడా 2010 నుంచి దీనికి జాతీయ కార్యక్రమం ఉంది. వింటూంటే నాకు నువ్వే గుర్తొచ్చావు. రాత్రి పదకొండింటికి అరవై పేపర్లు దిద్దుతూ "ఈ పిల్లాడు ధమనికీ సిరకీ తేడా తెలియక కాదు, ప్రశ్న సరిగా చదవక తప్పు రాశాడు" అన్నావు చూడు, ఆ కన్ను నీతో వస్తుంది. డిజిగ్నేషన్ రాదు. లెక్చరర్ అన్న మాట కాలేజీ గేటు దగ్గరే ఆగిపోతుంది.

పెద్దపెద్దవాళ్ళ గెలుపు కథలు నాకు అంతగా పనికిరాలేదు, ఒక్కటి తప్ప. కిరణ్ మజుందార్ షా ఆస్ట్రేలియాలో చదివింది బీరు తయారీ. ఇక్కడికొస్తే ఆడదానికి బ్రూమాస్టర్, అంటే బీరు తయారీ చూసే పెద్ద, ఉద్యోగం దొరకలేదు. 1978లో బెంగళూరులో అద్దె ఇంటి గ్యారేజీలో ఆవిడ కంపెనీ, ఇప్పుడు మందులు చేసే బయోకాన్, మొదలైంది, బొప్పాయిలోంచి తీసే ఎంజైమ్‌తో. అందరూ ఆవిడ ధైర్యం గురించి చెప్తారు. నాకు నచ్చింది వేరు. పులియబెట్టే విద్య చేతిలో ఉంటే అది బీరు దగ్గరే ఆగక్కర్లేదని ఆవిడ కనిపెట్టడం. దోసెలపిండి పులియబెట్టే మనకి ఆ మాత్రం అర్థం కాదూ.

ఒక భయం మాత్రం ఉంది నాకు. అమీర్‌పేటలో ఎవరో మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు కాగితాలు పెట్టిస్తామన్నారన్నావు. ఆ పని చెయ్యకు తల్లీ. నీతి చెప్పడం కాదు, లెక్క చెప్తున్నాను. నీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఉండే యూఏఎన్ నంబరు తెరిస్తే ఏ ఏడాది ఎవరు నీకు పీఎఫ్ కట్టారో కనబడిపోతుంది. వెరిఫికేషన్‌లో దొరికితే ఉన్న తొమ్మిదేళ్ళ మంచి పేరు కూడా పోతుంది. రెజ్యూమెలో తొమ్మిదేళ్ళు లెక్చరర్ అని ఉన్నదున్నట్టు పెట్టు, ఫార్మకోవిజిలెన్స్ అనుభవం దగ్గర ఖాళీ వదిలెయ్. కోర్సు నేర్చుకోవడానికి ఫీజు కట్టు, తప్పులేదు. ఉద్యోగానికి మాత్రం రూపాయి కట్టకు.

డబ్బు దగ్గర నన్ను చూసి నేర్చుకో, నేను చేసినట్టు చెయ్యకు. కోడింగ్‌కి మారినప్పుడు నా జీతం 18 వేల నుంచి 11 వేలకి పడింది. మళ్ళీ 18 చూడ్డానికి రెండున్నరేళ్ళు. అంతకుముందు ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీ ఒకటి రెండు నెలల జీతం ఎగ్గొట్టి మూసేసింది కూడా. చీటీ ఒకటి ముందే పాడి చేతిలో పెట్టుకున్నాను కాబట్టి గడిచింది. ఇక పీఎఫ్. మారిన ప్రతిసారీ మొత్తం తీసేసుకున్నాను, ఒకసారి ఫ్రిజ్‌కి, ఒకసారి పెద్దాడి కాలేజీ ఫీజుకి. 2021లో కోడింగ్ మానేసేటప్పుడు చూస్తే నా సర్వీసు తొమ్మిదేళ్ళ రెండు నెలలు. పెన్షన్‌కి పదేళ్ళు కావాలి. పాతవి తీసుకోకుండా బదిలీ చేసుకుని ఉంటే ఎప్పుడో నిండిపోయేవి. ఎవరినీ అనడానికి లేదు, ఫారం మీద సంతకం నాదే. మీ కాలేజీ పీఎఫ్ కడుతున్నట్టయితే నీకు ఇంకో ఏడాదికి పదేళ్ళు నిండుతాయి. బదిలీ చెయ్యి, ముట్టుకోకు.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ళ తరబడి పనిచేసి మానేసేవాళ్ళకి సంస్థ ఇచ్చే డబ్బు, అది కూడా అడుగు. టీచర్లకి వర్తించదని ఎవరైనా అంటే, 2009లో చట్టం సవరించారని, అయిదేళ్ళు దాటినవాళ్ళకి వస్తుందని మెత్తగా చెప్పు. చివరి బేసిక్‌ని, డీఏ ఉంటే అదీ కలిపి, 26తో భాగించి 15తో గుణించి, ఎన్నేళ్ళు చేశావో దానితో గుణిస్తే నీ లెక్క వస్తుంది.

అన్నిటికంటే ముందు నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు. చేరినప్పుడు కాలేజీ తీసుకుని బీరువాలో పెట్టిందన్నావు. రాజీనామా మాట ఎత్తకముందే ఏదో ఒక అవసరం చెప్పి బయటికి తెచ్చుకో. ఇది అబద్ధమాడమనడమే, ఒప్పుకుంటాను. మార్చిలో ఇంటర్ పరీక్షలు, మేలో నీట్. అప్పటిదాకా ఆగు. మధ్యలో వదిలితే జీతం ఆపుతారు, పైగా పిల్లలు అన్యాయమైపోతారు.

ఇంకోటి, చెవిలో చెప్పేది. రెండోది అనుకుంటున్నారని అక్క అంది. కోపం తెచ్చుకోకు. ప్రసూతి సెలవు 26 వారాలు రావాలంటే కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఉద్యోగం మారే నెల అది చూసుకుని పెట్టుకో. మీ ఆయనతో కూర్చుని కాలెండర్ ముందేసుకోండి. మీ అత్తగారికి ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే చెప్పు. ఆవిడ మంచిదే కానీ, కంగారెక్కువ.

నా పొడుల సంగతి అడిగావు. బాగానే ఉంది. 2021లో ఫుడ్ రిజిస్ట్రేషన్‌కి ఏడాదికి వంద రూపాయలు కట్టి వంటింట్లోనే మొదలుపెట్టాను. మూడు పనులు మారినదాన్ని, నాలుగోది నాకేం లెక్క అనుకున్నాను. ఆ జూలైలో ముసురు పట్టింది. కరివేపాకు పొడి చెయ్యి పెట్టి చూస్తే చల్లారినట్టే అనిపించింది. చల్లారే ఉంటుందిలే అని సీలు వేసేశాను. లోపల వేడి ఉంది, ప్యాకెట్లో తేమ పట్టింది, పది రోజులకి నలభై ప్యాకెట్లు బూజు. పదేళ్ళు ఖాళీలు వదలడం నేర్చుకున్న మనిషి, సొంత వంటింట్లో ఊహించి నింపేసింది! ఇప్పుడు పళ్ళెంలో పరిచి, టైం రాసిపెట్టి, ఇంకొకరు కూడా చెయ్యి పెట్టి చూశాకే సీలు. ప్రతి బ్యాచ్‌కీ రిజిస్టరు: మిరపకాయలు ఏ రోజు కొన్నవి, ఎంత వేయించాం, ఎవరు చల్లార్చారు. మీ బాబాయి దాన్ని నా కేస్ షీట్ అంటాడు.

ఆఫర్ వచ్చాక సంతకం పెట్టకముందు నాకు ఫోటో తీసి పంపు. బాండ్ ఎన్నాళ్ళు, నోటీసు పీరియడ్ ఎంత, షిఫ్టు ఏది అన్నవి నేను కూడా చదువుతాను. ఈ కొరియర్‌లో రెండు కరివేపాకు, ఒక నువ్వుల పొడి పంపుతున్నాను. నువ్వుల పొడి చిన్నదానికి, కారం వెయ్యలేదు. ప్యాకెట్ మీద తేదీ చూసుకుని వాడు.

మీ పిన్ని