‘సమ్‌బడీ టు లవ్’ మొదట అమెరికన్ రాక్ బ్యాండ్ జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ పాటేనా?

కాదు, అది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడాది పాటే నిలిచిన ‘ద గ్రేట్ సొసైటీ’ అనే రాక్ బ్యాండ్ పాట. 1965లో గాయని గ్రేస్ స్లిక్, ఆమె భర్త జెర్రీ, మరిది డార్బీ మిత్రులతో కలిసి ఆ బ్యాండ్ పెట్టారు. 1966 మొదట్లో ‘సమ్‌వన్ టు లవ్’ పేరుతో ఈ పాటను ఒక చిన్న స్థానిక రికార్డు లేబుల్ (కంపెనీ) మీద విడుదల చేశారు. దానికి దేశమంతా చేర్చే పంపిణీ లేక ఊరు దాటలేదు.

అదే ఏడాది చివర్లో ఎయిర్‌ప్లేన్ గాయని సైనీ ఆండర్సన్ తప్పుకున్నారు. ఆమె స్థానంలోకి వెళ్లిన గ్రేస్ రెండు పాటలు వెంట తీసుకెళ్లారు: ఇది, ‘వైట్ రాబిట్’. గాయని వెళ్లిపోవడంతో పాత బ్యాండ్ చెదిరిపోయింది. ఆర్‌సీఏ వంటి పెద్ద రికార్డు కంపెనీ అండతో 1967లో ఎయిర్‌ప్లేన్ పాడిన ఇదే పాట ‘సమ్‌బడీ టు లవ్’ పేరుతో అమెరికా పాటల ఆదరణను చూపే బిల్‌బోర్డ్ పట్టికలో 5వ స్థానానికి చేరింది.

రెండూ గ్రేస్ రాసినవే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ‘వైట్ రాబిట్’ ఆమెదే, ఈ పాట మాత్రం డార్బీది. అతనికి హిందుస్తానీ సంగీతమంటే ప్రాణం. ఆ రాగాల ఛాయ గ్రేట్ సొసైటీ 1966 మేట్రిక్స్ క్లబ్ రికార్డింగుల్లో స్పష్టంగా వినిపిస్తుంది, తప్పక వినదగ్గవి. కొలంబియా కంపెనీ వాటిని 1968లో గానీ బయటపెట్టలేదు.