ఓవెన్ 31 వేలు, బిగించడానికి 39 వేలు: పాప ఎఫ్‌డీ తియ్యాలా?

ప్రశ్న: మాది బరంపురం. పాత సాహిలో మామగారు కట్టిన ఇల్లు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు బట్టల షాపులో లెక్కలు రాస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు 54 వేలు వస్తాయి. ఖర్చులు పోను ఆరేడు వేలు మిగులుతాయి. పండగ ఆఫర్లో 27 వేలకు హాబ్ (గట్టు రాయిలో బిగించే గ్యాస్ స్టవ్), 31 వేలకు బిల్ట్-ఇన్ ఓవెన్ (అరలో బిగించేది) క్రెడిట్ కార్డు మీద 9 నెలల నో-కాస్ట్ ఈఎంఐకి తీసుకున్నాం. బిగించడానికి వచ్చినతను హాబ్ పెట్టె విప్పి, వంటగది కొలతలు చూసి, ఇలా కుదరదని వెళ్లిపోయాడు. హాబ్ కోసం గ్రానైట్ కోసి కింద ఇనుప సపోర్టు ఇవ్వడానికి 6 వేలు, ఓవెన్ కోసం గట్టు కింద అరలు పగలగొట్టి క్యాబినెట్ చేయడానికి 24 వేలు, వైరింగుకి 9 వేలు, పగిలే టైల్స్‌కి 6 వేలు, మొత్తం 45 వేలు అడుగుతున్నారు. పాప ప్లస్ టూ మొదటి సంవత్సరం. తన చదువుకని 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. అందులోంచి తియ్యాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దమ్మా. మేస్త్రీ లెక్కనే ఇంకోసారి చూడండి. 45 వేలల్లో హాబ్‌కి అయ్యేది 6 వేలే. మిగతా 39 వేలూ ఓవెన్ కోసమే. అంటే మీ ఓవెన్ అసలు ధర 70 వేలు. ఆ మాట షాపులోనే చెప్పి ఉంటే మీరు కొనేవారు కాదని నా నమ్మకం.

పోనీ 70 వేలు పెట్టినా సరిగ్గా కూర్చుంటుందా అంటే, అదీ అనుమానమే. బిల్ట్-ఇన్ ఓవెన్‌కి సాధారణంగా 56 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు, కనీసం 55 సెంటీమీటర్ల లోతున్న అర కావాలి. వెనక గాలి ఆడాలి, ప్లగ్గుకి చోటుండాలి. పాత ఇళ్లలో గట్టు లోతు చాలాచోట్ల 22 అంగుళాలే, అంటే దాదాపు 56 సెంటీమీటర్లు. వెనక ప్లగ్గు పెడితే ఓవెన్ ముందుకు పొడుచుకొస్తుంది. ముందు మీరే టేపు పట్టి కొలవండి.

కరెంటు సంగతి ఇంకా పెద్దది. ఇలాంటి ఓవెన్ 2.5 నుంచి 3.5 కిలోవాట్ల దాకా లాగుతుంది. దానికి విడిగా 16 ఆంపియర్ల ప్లగ్గు, మెయిన్ బోర్డు నుంచి దాని సొంత లైను ఉండాలి. మీ బిల్లు మీద మంజూరైన లోడు ఒకటో రెండో కిలోవాట్లే ఉంటే మీ కరెంటు కంపెనీ టీపీఎస్ఓడీఎల్‌కి లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకోవాలి. డిపాజిట్ కట్టాలి, నెలనెలా ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా పెరుగుతుంది. మీరు రాసిన లెక్కలో ఇది లేనే లేదు. పర్లాకిమిడిలో మా అక్క ఇంట్లో ఓవెన్‌ని ఫ్రిజ్ ప్లగ్గుకే పెట్టి వాడారు. మూడో వారానికి ప్లగ్గు కరిగిపోయింది. ఇంట్లో మనుషులున్నారు కాబట్టి సరిపోయింది.

ఓవెన్ పెట్టె ఇంకా విప్పలేదు కదా, విప్పకండి. ఈ వారంలోనే బిల్లుతో షాపుకి వెళ్లి వెనక్కి తీసుకోమని అడగండి. డబ్బు ఇవ్వడం కుదరదంటే దాని బదులు ఓటీజీ, అంటే విడిగా పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, ఇవ్వమనండి. పది వేల లోపే మంచిది వస్తుంది, గట్టు మీదే కూర్చుంటుంది, ఏ గోడా పగలగొట్టక్కర్లేదు. 16 ఆంపియర్ల ప్లగ్గు మాత్రం దానికీ ఉండాలి. "ఏ వంటగదిలోనైనా పడుతుంది" అని వాళ్లు వాట్సాప్‌లో రాసి ఉంటే దాచుకోండి. మొండికేస్తే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఏదీ కుదరకపోతే సీలు తీయకుండా ఎవరికైనా అమ్మేయండి. పది వేలు నష్టపోయినా 39 వేలు పోయడం కన్నా అదే నయం.

ఒక జాగ్రత్త. రెండు వస్తువులూ ఒకే బిల్లు మీద ఉంటే, ఓవెన్ డబ్బు కార్డులో జమ అయినా ఈఎంఐ పాత మొత్తంతోనే నడుస్తూ ఉండవచ్చు. తిరిగి ఇచ్చేశాం కదా అని కట్టడం ఆపేస్తే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఈఎంఐ తగ్గించారో లేదో బ్యాంకుతో రాతపూర్వకంగా తేల్చుకోండి. నో-కాస్ట్ అన్నా వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు పడతాయి. అవి తిరిగి రాకపోవచ్చు.

హాబ్ మాత్రం బిగించుకోండి. పెట్టెలో వచ్చే కొలతల కాగితం గట్టు మీద పరిచి, ముందూ వెనకా ఎంత రాయి మిగులుతుందో చూడండి. అంగుళం, అంగుళంన్నరే మిగిలితే ఇనుప సపోర్టు లేకుండా కోయనివ్వకండి, కోతలోనే గ్రానైట్ విరుగుతుంది. గ్యాస్ గొట్టం ఐఎస్ఐ గుర్తున్నది కొత్తగా వేయించండి. సిలిండర్ ఉన్న అరకి తలుపు పెడితే అడుగున రంధ్రాలు ఉండాలి. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. ఖర్చు తగ్గించమన్నానని ఇక్కడ మాత్రం తగ్గించకండి.

ఇక డబ్బు. 58 వేలని 9 నెలలకి పంచితే నెలకి దాదాపు 6,450. మీకు మిగిలే ఆరేడు వేలూ దానికే సరి. ఇప్పుడు ఇంకో లోన్ అంటే దాని కిస్తీ పచారీ సామాన్ల డబ్బులోంచే రావాలి. అందుకే పర్సనల్ లోన్ వద్దన్నాను. ఎఫ్‌డీ మధ్యలో తీస్తే చాలా బ్యాంకులు అర శాతం నుంచి ఒక శాతం దాకా వడ్డీ కోస్తాయి. ఆ కోత కన్నా నా టెన్షన్ వేరే: మరో రెండేళ్లలోపే పాపకి కాలేజీ ఫీజు కట్టాలి, ఇవాళ తీసిన 45 వేలు అప్పటికి మళ్లీ కూడబెట్టడం మీ ఆదాయంతో కష్టం. హాబ్‌కి కావలసిన 6 వేలకీ ఆ ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. బోనస్ వచ్చేదాకా పాత స్టవ్ మీదే వండుకోండి. తొమ్మిదో ఈఎంఐ తీరిన మర్నెల నుంచి అదే 6,450 పాప పేరు మీద రికరింగ్ డిపాజిట్‌లో వేయడం మొదలుపెట్టండి.