విమాన యుద్ధ సిమ్యులేటర్లలో తెర తడబాటు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

విమాన సిమ్యులేటర్ల గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధను వేర్వేరు మాటల్లో చెబుతున్నాయి. విమానం మామూలుగా ఎగురుతున్నంతసేపు అంతా సజావుగా ఉండి, సరిగ్గా శత్రువు ఎదురైన క్షణంలోనే తెర తడబడుతోందన్నది ఆ బాధ. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఐదు ప్రశ్నలను ఈసారి తీసుకుంటున్నాము. మొదటి ప్రశ్నకు కాస్త విస్తారంగా సమాధానం ఇస్తున్నాము, ఎందుకంటే మిగిలిన వారికి కూడా అందులోని పరీక్షలే పనికివస్తాయి.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో డీసీఎస్ వరల్డ్ అనే యుద్ధ విమాన సిమ్యులేటరు ఆడుతున్నాను. ఒంటరిగా ఎగురుతుంటే సెకనుకు 80 ఫ్రేముల (తెర మీద గీసే బొమ్మల) వరకు వస్తున్నాయి. శత్రు విమానాలు, వాహన శ్రేణులు ఉన్న మిషన్‌లోకి వెళ్లగానే అది 35కు పడిపోతోంది. మధ్యమధ్య తెర అర సెకను బిగుసుకుపోతోంది. ఒక దుకాణంలో అడిగితే గ్రాఫిక్స్ కార్డు మార్చమన్నారు. అందుకు 45 వేల రూపాయలు అవుతుందట. నాన్నగారిని అడిగే ముందు మీ సలహా కోరుతున్నాను. (బ్రాడీపేట, గుంటూరు)

సమాధానం: ఆ డబ్బు మీ నాన్నగారిని ఇప్పుడే అడగవద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి లోపం గ్రాఫిక్స్ కార్డులో ఉండే అవకాశం తక్కువ. పరీక్ష చేయకుండా కార్డు మార్చమని చెప్పడం, జ్వరం కొలవకుండా మందు రాసివ్వడం వంటిది.

మీరు ఒకే ఉత్తరంలో రెండు వేర్వేరు జబ్బులు రాశారు. ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య, 80 నుంచి 35కు తగ్గి అక్కడే నిలవడం ఒకటి. తెర అర సెకను బిగుసుకుపోవడం మరొకటి. వీటి కారణాలు చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి కనుక విడివిడిగానే చూడాలి. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కొక్క ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. 35 వస్తున్నాయంటే ఒక్కొక్కదానికి దాదాపు 28.6 మిల్లీసెకన్లు పడుతున్నాయన్నమాట. అయితే తెర మూలన కనిపించే అంకె సగటు మాత్రమే. గుంటూరు నుంచి విజయవాడకు గంటకు పన్నెండు బస్సులు ఉన్నాయని చెప్పి, ఆ పన్నెండూ చివరి పది నిమిషాల్లో వరుసగా వస్తే, లెక్క తప్పు కాదు గానీ బస్టాండులో నిలబడిన మనిషికి యాభై నిమిషాల ఎదురుచూపు తప్పదు. తెర తడబాటు కూడా ఇదే విధమైనది. అందువల్ల సగటును పక్కన పెట్టి, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఎంత సమయం పడుతోందో గీతగా చూపించే ఉచిత సాఫ్ట్‌వేరు ఏదైనా పెట్టుకోండి. ఆ గీత మొత్తంగా పైకి లేచి నిలిస్తే మొదటి జబ్బు; గీత కింద ఉండి అక్కడక్కడ సూదిలా పైకి పొడుచుకొస్తే రెండోది.

మొదటి జబ్బు సంగతి. మామూలు తుపాకీ ఆటలో ఆటగాడు గోడల మధ్య తిరుగుతాడు కనుక గోడ అవతలి దానిలో చాలా భాగాన్ని యంత్రం గీయనక్కరలేదు. వన్‌టౌన్ సందులో నడిచే మనిషికి ఆ సందు మాత్రమే కనిపిస్తుంది. ఇంద్రకీలాద్రి ఎక్కినవాడికి కృష్ణ, ప్రకాశం బ్యారేజి, ఊరంతా ఒక్కసారే కనిపిస్తాయి. విమాన సిమ్యులేటరు ఎప్పుడూ కొండ మీది చూపే. అంతకన్నా ముఖ్యమైన విషయం ఏమిటంటే, యుద్ధ సిమ్యులేటరులో మీకు కనిపించని విమానాలకు కూడా గాలి ఒత్తిడి, రాడార్, క్షిపణి మార్గం, తగిలిన దెబ్బలు అన్నీ లెక్క కట్టవలసిందే. ఆ లెక్క ప్రాసెసర్ పని, కార్డు పని కాదు. పెళ్లి భోజనాల్లో వంట పూర్తి కాకపోతే వడ్డించేవాళ్లను పదిమంది నుంచి ఇరవైమందికి పెంచినా బంతి లేవదు. ప్రాసెసర్ లెక్క కట్టి అందించిన తరువాతనే కార్డు బొమ్మ గీయగలదు. మీ దగ్గర ఇప్పుడు ఆలస్యమవుతున్నది వంటే అని నా అనుమానం.

ఈ అనుమానాన్ని రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. అదే మిషన్‌ను, అదే చోట, అదే వాతావరణంలో మూడు నిమిషాలు నడిపి ఫ్రేమ్ రేటు రాసుకోండి. డీసీఎస్‌లో కుడి కంట్రోల్, పాజ్ మీటలు కలిపి నొక్కితే అంకె కనిపిస్తుంది. తరువాత తెర రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి దించి మళ్లీ అదే చేయండి. కార్డు మీద భారం సగానికి పైగా తగ్గినా అంకె కదలకపోతే, కొత్త కార్డు కొన్నా కదలదు. అంకె బాగా పెరిగితే నా అనుమానం తప్పు, దుకాణం వారి మాట ఒప్పు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్ వాడకం 20 శాతమే ఉందని చూసి, ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకుంటారు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడవగల పని వరుసలు) ఉన్న ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ నూటికి నూరు శాతం నిండినా మొత్తం మీద చూపించేది సుమారు 8 శాతమే. సిమ్యులేటరు లెక్కల్లో పెద్ద భాగం ఒకటి రెండు థ్రెడ్ల మీదనే నడుస్తుంది. డీసీఎస్‌లో 2023లో బహుళ థ్రెడ్ల పద్ధతి వచ్చిన తరువాత పరిస్థితి మెరుగుపడింది గానీ, భారం అన్ని కోర్లకూ సమానంగా పంచుకునే స్థితి రాలేదు. కనుక టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ గ్రాఫు మీద కుడి క్లిక్ చేసి, థ్రెడ్‌కు ఒక గడి చొప్పున విడివిడిగా చూడండి. అదే పేజీల్లో ర్యామ్ వేగం కూడా చూడండి. 3200 అని అమ్మిన ర్యామ్ 2133 లేదా 2400 దగ్గర నడుస్తుండటం నేను చాలా ఇళ్లలో చూశాను; మదర్‌బోర్డు బయోస్‌లో (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరవగల అమరికల పేజీలో) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ అనే అమరిక ఆన్ చేయకపోవడమే కారణం. ఒకే ర్యామ్ కడ్డీ ఉన్నా వేగం దెబ్బతింటుంది. ఒకే రకం కడ్డీలు రెండు జంటగా ఉండాలి.

ప్రాసెసరే అడ్డమని తేలితే చూపు దూరం, చెట్లు, నీడలు, కాక్‌పిట్ అద్దాలు తగ్గించండి. అద్దాల కోసం వెనుక దృశ్యాన్ని మరోసారి గీయవలసి వస్తుంది కనుక వాటిని మూసివేస్తే వెంటనే తేడా కనిపిస్తుంది. మిషన్ మీరే తయారుచేసుకున్నదైతే యుద్ధానికి సంబంధం లేని వాహనాలను తీసివేయండి. వాటిని తీసివేసినంత లాభం ఏ సెట్టింగూ ఇవ్వదు. ఒకసారికి ఒక్కటే మార్చి, ఫలితాన్ని కాగితం మీద రాసుకోండి. ఒకేసారి నలభై సెట్టింగులు మార్చమని చెప్పే వీడియోలను అనుసరిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, మళ్లీ చెడినప్పుడు చేయగలిగిందీ ఉండదు.

రెండో జబ్బు, తెర బిగుసుకుపోవడం. ఇది ఎప్పుడు జరుగుతోందో గమనించండి. ఒక రకం విమానమో పేలుడో మొదటిసారి కనిపించినప్పుడు మాత్రమే ఆగి, రెండోసారి ఆగకపోతే, దాని బొమ్మలు డిస్క్ నుంచి రావడమో, షేడర్లు (వెలుగునీడలను గీసే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారుకావడమో కారణం. సిమ్యులేటరు హార్డ్ డిస్క్‌లో ఉంటే, అంతకన్నా వేగమైన ఎస్‌ఎస్‌డీకి మార్చడం తప్పనిసరి. డీసీఎస్ కొత్త వెర్షన్ వేసిన తరువాతే తడబాటు మొదలైతే, సేవ్డ్ గేమ్స్‌లోని డీసీఎస్ ఫోల్డరులో ఎఫ్‌ఎక్స్‌ఓ, మెటాషేడర్స్2 అనే పేర్లతో ఉన్న ఫోల్డర్లను తొలగించవచ్చు. సిమ్యులేటరు వాటిని మళ్లీ తయారుచేసుకుంటుంది, మొదటిసారి మాత్రం లోడు కావడానికి ఎక్కువసేపు పడుతుంది. అలా కాక, ఆట సాగేకొద్దీ ఆగడం ఎక్కువవుతుంటే ర్యామ్ నిండిపోతోందని అర్థం. పెద్ద మిషన్లకు 16 జీబీ చాలదు. మెమరీ పేజీలో అంకె 15 దాటి నిలబడి, అదే సమయంలో డిస్క్ ఎడతెగకుండా పనిచేస్తుంటే, మీరు నాన్నగారిని అడగవలసింది ర్యామ్‌ను 32 జీబీ చేయడానికి అవసరమైన డబ్బు మాత్రమే. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే పేజ్ ఫైల్‌ను ఆపివేయమని ఎవరైనా చెబితే వినవద్దు. ఆపివేస్తే తడబాటు స్థానంలో సిమ్యులేటరు మొత్తంగా మూతపడే ప్రమాదం వస్తుంది.

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత ల్యాప్‌టాప్‌లో రెండో ప్రపంచ యుద్ధ విమానాలు నడపడం నాకు అలవాటైంది. చలికాలంలో ఏ ఇబ్బందీ లేదు. ఏప్రిల్ వచ్చినప్పటి నుంచి మొదటి పదిహేను నిమిషాలు బాగుండి, తరువాత వేగం సగానికి పడిపోతోంది. కరెంటు పోయినప్పుడు మరీ ఘోరంగా ఉంటోంది. (పటమట, విజయవాడ)

సమాధానం: మీరు కాలాన్ని కూడా గమనించి రాయడంతో కారణం సగం తేలిపోయింది. ఇది వేడి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఎప్పుడూ గది గాలి కన్నా ఇన్ని డిగ్రీలు ఎక్కువ అనే లెక్కన ఉంటుంది. గది ఒక డిగ్రీ పెరిగితే లోపల కూడా సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 85 దగ్గర నడిచిన ప్రాసెసర్, 37 డిగ్రీల గదిలో 97కు చేరుతుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 95 నుంచి 100 డిగ్రీల మధ్య తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. రోహిణి కార్తెలో బెజవాడ మేడ మీది గదిలో కూర్చుని ఆడేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

నిర్ధారణకు ఒక సాయంత్రం ఏసీ ఉన్న గదిలో ముప్ఫై నిమిషాలు ఆడి చూడండి. తడబాటు రాకపోతే వేడేనని తేలినట్టే. ఆ తరువాత చేయవలసిన మొదటి పని దుమ్ము తీయించడం. రెండు మూడేళ్లుగా తెరవని ల్యాప్‌టాప్‌లో ఫ్యాను పక్కనున్న రేకుల మధ్య దుమ్ము చాపలా పేరుకుని గాలిని అడ్డగిస్తుంది. తెలిసినవారి చేత తెరిపించి, శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు మార్పించండి. గాలితో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోమని చెప్పండి, లేకపోతే బేరింగు పాడవుతుంది. పరుపు మీద, దిండు మీద పెట్టి ఆడవద్దు. వెనుక భాగం ఒక అంగుళం లేచేలా ఏదైనా పెట్టండి. ఫ్రేమ్ రేటును 45 లేదా 60కి కట్టడి చేసినా వేడి తగ్గుతుంది. విండోస్ పవర్ అమరికల్లో గరిష్ఠ ప్రాసెసర్ స్థితిని 100 శాతం నుంచి 99కి తగ్గిస్తే చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ అదనపు వేగానికి పోకుండా ఆగుతుంది. అంకె కాస్త తగ్గుతుంది గానీ గంటసేపూ ఒకే తీరున ఉంటుంది. యుద్ధంలో గురి నిలవడానికి కావలసింది ఆ నిలకడే.

కరెంటు పోయినప్పటి సంగతి వేరు. బ్యాటరీ మీదికి మారగానే ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుకు ఇచ్చే విద్యుత్తును బాగా తగ్గిస్తుంది. దీనికి సెట్టింగులతో పూర్తి పరిష్కారం లేదు. ఛార్జరు ఇన్వర్టరు లైను ఉన్న ప్లగ్గులో ఉండేలా చూసుకోండి; ఛార్జరు కూడా కంపెనీ సూచించిన వాట్లదే కావాలి.

ప్రశ్న: నాకు 60 ఫ్రేములు వస్తాయి, లేకపోతే సరిగ్గా 30 వస్తాయి. మధ్యలో 50, 45 ఎప్పుడూ కనిపించవు. ఎందుకు? (కొరిటెపాడు, గుంటూరు)

సమాధానం: ఫ్రేములను తెర మారే వేగానికి జతచేసే వీ-సింక్ అనే అమరిక ఆన్‌లో ఉంది. మీ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లకు ఒక్క మిల్లీసెకను ఆలస్యమైనా తరువాతి విడత వరకు ఆగవలసి వస్తుంది కనుక 30కి దిగుతుంది. వీ-సింక్ ఆపి, ఫ్రేమ్ రేటును 58 వద్ద కట్టడి చేసి చూడండి. మానిటర్‌కు ఫ్రేముల రాకను బట్టి తన వేగాన్ని మార్చుకునే ఫ్రీసింక్ లేదా జీ-సింక్ సౌకర్యం ఉంటే దాన్ని వాడటం అన్నిటికన్నా మేలు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఆడుతుంటే శత్రు విమానం ఉన్నచోటు నుంచి ఎగిరి మరోచోట ప్రత్యక్షమవుతోంది. తుపాకీ గురి కుదరడం లేదు. కంప్యూటరు కొత్తదే. (భవానీపురం, విజయవాడ)

సమాధానం: అది జరుగుతున్నప్పుడు తల తిప్పి కాక్‌పిట్‌ను, దిగంతాన్ని చూడండి. అవి నున్నగా కదులుతూ శత్రు విమానం ఒక్కటే గెంతుతుంటే మీ కంప్యూటరుకు ఏ దోషమూ లేదు, నెట్ కనెక్షన్‌లో ప్యాకెట్లు (సమాచారపు ముక్కలు) దారిలో తప్పిపోతున్నాయి లేదా ఒక్కొక్కటి ఒక్కోలా ఆలస్యమవుతున్నాయి. ముందు వైఫై వదిలి, రూటర్ నుంచి ల్యాన్ తీగ వేయండి. ఇంట్లో ఇంకెవరైనా ఆ సమయంలో వీడియోలు చూస్తున్నారేమో కనుక్కోండి. ఐరోపాలోని సర్వర్లకు మన దగ్గర నుంచి వంద మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం ఎలాగూ ఉంటుంది, అది దూరం వల్ల వచ్చేది. ఆలస్యం స్థిరంగా ఉంటే ఆడవచ్చు. క్షణక్షణం మారుతుంటే విమానం గెంతుతుంది. వీలైనంతవరకు ఆసియాలోని సర్వర్లను ఎంచుకోండి.

ప్రశ్న: సెట్టింగులన్నీ కిందికి దించాను, ర్యామ్ పెంచాను, దుమ్ము తీయించాను. అయినా ఏ లెక్కకూ అందకుండా, కొన్ని నిమిషాలకొకసారి ఒక్క క్షణం ఆగుతోంది. (అరండల్‌పేట, గుంటూరు)

సమాధానం: ఇదే ఇబ్బందితో నేను మూడు నెలలు వెతికాను. నా దగ్గర జాయ్‌స్టిక్, థ్రాటిల్, పెడళ్లు మూడూ విద్యుత్ అడాప్టరు లేని ఒకే యూఎస్‌బీ హబ్‌కు తగిలించి ఉండేవి. హెడ్‌ఫోను తీసి, స్పీకర్లలో ఆడినరోజున, తెర ఆగిన ప్రతిసారీ విండోస్ చేసే పరికరం తొలగిన శబ్దం, వెంటనే తగిలిన శబ్దం వినిపించాయి. విద్యుత్తు చాలక పెడళ్లు క్షణంపాటు తెగిపోయి మళ్లీ కలుస్తున్నాయి. సిమ్యులేటరు ప్రతిసారీ పరికరాల జాబితాను కొత్తగా చదువుకుంటోంది, ఆ చదివినంతసేపు తెర ఆగుతోంది.

మీరు ముందుగా జాయ్‌స్టిక్ వంటివన్నీ తీసివేసి, కీబోర్డుతోనే అరగంట ఎగిరి చూడండి. ఆగడం పోతే, ఒక్కొక్క పరికరాన్నీ నేరుగా కంప్యూటరు వెనుకనున్న పోర్టులకు తగిలిస్తూ రండి. డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్‌నూ తెరిచి, విద్యుత్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపివేయవచ్చు అన్న గడిలోని టిక్కును తీసివేయండి. డీసీఎస్ అయితే కంట్రోల్స్ పేజీలో పరికరాలను మధ్యలో తగిలించే సౌకర్యాన్ని ఆపివేసే అవకాశం కూడా ఉంది. ఇంత చేసినా పోకపోతే, యాంటీవైరస్ తనిఖీ నుంచి సిమ్యులేటరు ఫోల్డరును మినహాయించి, ఆగిన సమయాలను గడియారం చూసి రాసి మాకు పంపండి.